అద్దం తెరుచుకుంటుందా?

అమలాపురం నుంచి రాజోలు వెళ్లే దారిలో కొత్తగా లేచిన ఇళ్ల ముఖాలు చూడండి. కొబ్బరి మొవ్వుల ఎత్తున నీలం అద్దం, పచ్చ అద్దం, ఈమధ్య బూడిదరంగు అద్దం. మెట్ల గదికి కింది నుంచి పిట్టగోడ దాకా నిలువునా ఒకటే అద్దం. బాల్కనీకి ఇనుప గ్రిల్లు పోయి గ్లాసు రెయిలింగు. ఇళ్లకు ప్లాన్లు గీయడం నా వృత్తి. నా బల్ల ముందు కూర్చున్నవాళ్లు పడగ్గదులు ఎన్ని కావాలో చెప్పకముందే ఫోను తీసి ఓ బొమ్మ చూపిస్తారు. "ఎలివేషను ఇలా రావాలండీ" అంటారు. అది గచ్చిబౌలి ఆఫీసో, దుబాయ్ విల్లావో అయివుంటుంది. అందులో కొబ్బరిచెట్టు ఉండదు, కాలువ ఉండదు, ఉక్కపోత ఎలాగూ ఫొటోలో పడదు.

ఈ మోజును వెక్కిరించడం తేలిక. నాకు మాత్రం మనసొప్పదు. కోనసీమ ఇంటికి చీకటి పాత శత్రువు. చుట్టూ కొబ్బరి నీడ, పైన కిందికి వంగిన చూరు, లోపల పొగచూరిన వంటిల్లు. సినిమావాళ్లు వెతుక్కుంటూ వచ్చి తీసే మండువా లోగిళ్లలో మండువా చుట్టూ ఉన్న నడవల్లోనే వెలుతురు. దాని వెనక గదుల్లో పట్టపగలు కూడా బుడ్డీ వెలిగించుకోవాల్సి వచ్చేది. అదీ భూమి ఉన్నవాళ్ల ఇల్లు. ఊళ్లో ఎక్కువమంది తాటాకిళ్లలో ఉండేవారు, వాటికి కిటికీ అన్నదే ఉండేది కాదు. బంగళా పెంకుల కప్పులో ఒక్క పెంకు తీసి అద్దం పెంకు పెట్టించుకున్న ఇంటి ఇల్లాలికి అదే పెద్ద సౌఖ్యం. బియ్యంలో రాళ్లు ఏరుకోవడానికి ఆ చదరపు వెలుగులోకి పీట జరుపుకునేది.

కువైట్‌లో ఏళ్ల తరబడి ఇంటిపని చేసి తిరిగొచ్చిన ఒకావిడ రాజోలు దగ్గర ఇల్లు కట్టుకుంటూ, ముందు గదికి పెద్ద అద్దం వద్దని నేనంటే ఇలా అన్నారు: "ఎన్ని అద్దాలు తుడిచానో లెక్కలేదండీ. నా ఇంటికి ఒకటన్నా ఉండద్దా?" దీనికి ఏ ఇంజినీరు దగ్గరా జవాబు లేదు. అద్దం ఉంచాం. ఏ దిక్కుకు అన్నదగ్గర మాత్రం నేను పట్టుబట్టాను.

పెద్ద పలక చవకగా మన దాకా రావడం కొత్త సంగతి. కరిగిన గాజును కరిగిన తగరం మీద తేలనిచ్చి, అలలూ గీతలూ లేని పలకగా చల్లార్చే పద్ధతిని ఇంగ్లండులో పిల్కింగ్టన్ కంపెనీ 1959లో లోకానికి చెప్పింది. సెయింట్ గోబెయిన్ మద్రాసు పక్కన శ్రీపెరంబుదూరులో 2000లో ఫ్యాక్టరీ పెట్టింది. గూడూరు దగ్గర చిల్లకూరు, కోట మండలాల్లో తవ్వే సిలికా ఇసుక గాజు ఫ్యాక్టరీలకు పోతుంది. అంటే మనకు అద్దం ఇప్పుడు పరాయి సరుకేం కాదు. పాత బీరువా అద్దంలో మన మొహం వంకరగా కనపడేది గుర్తుందా? ఆ వంకర పోయింది తగరం పుణ్యాన.

గాజు సూర్యుడి వెలుగును, దానితో వచ్చే వేడిని లోపలికి రానిస్తుంది. ఆ వేడికి కాగిన నేల, మంచం, గోడ తిరిగి వదిలే వేడిని బయటికి పోనివ్వదు. రంగు పూత లేని 6 ఎంఎం అద్దం మీద పడ్డ ఎండ వేడిలో ఐదింట నాలుగు వంతులు గదిలోకొస్తాయి. వేసవిలో సాయంత్రం నాలుగింటికి పడమటి గోడ మీద పడే ఎండ చదరపు మీటరుకు 500 వాట్లు దాటుతుంది. ఆరడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తు అద్దం అక్కడ పెట్టుకుంటే ఇస్త్రీపెట్టె ఆన్ చేసి గదిలో వదిలేసినట్టే. పైన సన్‌షేడ్ ఉందిగా అంటారు. నాలుగింటి ఎండ సన్‌షేడ్ కింద నుంచి దూరి వస్తుంది. రంగు అద్దం ఈ వేడిని కొంత తగ్గిస్తుంది, నిజమే, వెలుతురును కూడా తగ్గిస్తుంది. వెలుతురు కోసమని పెట్టించిన అద్దం వెనక మధ్యాహ్నం ట్యూబులైటు వేసుకున్న ఇళ్లు నాకు తెలుసు. ఇంకో తమాషా: పగలు వీధిలోంచి లోపలేముందో కనపడనివ్వని ఆ మెరుపు అద్దం, రాత్రి లోపల దీపం వేయగానే పని తిప్పేసుకుంటుంది. ఇంట్లోవాళ్లకి తమ మొహమే కనపడుతుంది, వీధికి మాత్రం ఇల్లంతా కనపడుతుంది. చివరికి దానికీ కర్టెన్ కట్టాల్సిందే.

వేడి మాట అలా ఉంచండి. మన కోనసీమలో అసలు బాధ ఉక్క. ఒంటి మీద చెమట ఆరాలంటే గాలి కదలాలి. కేంద్ర విద్యుత్ శాఖ 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే నియమావళిలో దీనికో లెక్క ఉంది. మనలాంటి వేడి, తేమ కలిసిన ప్రాంతాల్లో బయటికి తెరుచుకునే కిటికీలు, తలుపుల వైశాల్యం నేల వైశాల్యంలో కనీసం 16.66 శాతం ఉండాలి, అంటే ఆరో వంతు. వేడిగా, పొడిగా ఉండే ప్రాంతాలకు 10 శాతం చాలంది. ఈ లెక్క ఇల్లంతటికీ కలిపి వేస్తారు గానీ, అర్థం కావడానికి ఒక గదిని తీసుకుందాం. పన్నెండు అడుగులకు పది అడుగుల గదికి 20 చదరపు అడుగులు తెరుచుకోవాలి. ఐదడుగులకు నాలుగడుగుల కిటికీ పెట్టాం, సరిపోయింది అనుకుంటాం. కానీ అది యూపీవీసీ స్లైడింగు. ఒక పలక జరిపితే రెండోదాని వెనక నిలబడుతుంది. తెరుచుకునేది సగమే, 10 చదరపు అడుగులు. అదే రెక్కల కిటికీ అయితే తొంభై శాతం తెరుచుకున్నట్టు లెక్క కడతారు. తాతల నాటి కిటికీకి ఊచలూ రెక్కలే తప్ప అద్దం లేకపోవచ్చు, గాలి మాత్రం నిండా వచ్చేది. ఇక మెట్ల గదికి పెట్టే ఆ నిలువు అద్దం అసలు తెరుచుకోదు. వేడెక్కి పైకి లేచే గాలి ఇంట్లోంచి బయటికి పోవడానికి మెట్ల గదిని మించిన తోవ లేదు. దానికే బిరడా బిగిస్తున్నాం.

హైదరాబాద్‌లో 1998 నవంబరులో వాజపేయి ప్రారంభించిన సైబర్ టవర్స్ దగ్గర మొదలై గచ్చిబౌలి దాకా నిలబడిన అద్దాల మేడలకు ఈ బాధ లేదు. అవి ఏసీ మీదే బతికేలా కట్టినవి. కరెంటు పోతే జనరేటర్ ఉంది. మన ఇంట్లో ఏసీ ఉన్నది ఒక పడగ్గదికి, అదీ రాత్రికి.

తుఫాను సంగతి చెప్పకపోతే నా వృత్తికి ద్రోహం. మన తీరానికి గాలి వేగం సెకనుకు 50 మీటర్లుగా, అంటే గంటకు 180 కిలోమీటర్లుగా లెక్క వేయాలని జాతీయ ప్రమాణం చెబుతుంది. ఆ వేగంలో చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల తోపు పడుతుంది. ఇందాకటి పడమటి గోడ అద్దం మీద అది నాలుగు క్వింటాళ్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో ఎన్ని షోరూములు, ఆఫీసులు, హోటళ్లు అద్దాలు రాల్చుకున్నాయో, విమానాశ్రయం ఎలా తయారైందో టీవీల్లో అందరం చూశాం. విశాఖలో రేకులు ఎగిరాయి. మనకు రేకులతోపాటు కొబ్బరికాయలు, మట్టలు కూడా ఎగురుతాయి. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. గాలికి ఎదురుగా ఉన్న అద్దం ఒకటి పగిలితే నష్టం ఆ అద్దంతో పోదు. దూరిన గాలి లోపలి నుంచి కప్పును పైకి తంతుంది. టఫెన్డ్ అద్దం మామూలుదానికంటే నాలుగైదు రెట్లు గట్టిది, పగిలినా కత్తుల్లా కాకుండా చిన్న చిన్న ముక్కలై రాలుతుంది. కానీ ఖాళీ మిగులుతుంది. రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించిన లామినేటెడ్ అద్దమైతే పగిలినా చట్రంలోనే నిలుస్తుంది. బాల్కనీ రెయిలింగుకూ, తలమీద కప్పుకూ నేను రాసేది అదే. షాపులో కొలతలు తీసుకునేటప్పుడు ఆ ఒక్క మాట జారిపోతూ ఉంటుంది, బిల్లు తగ్గించడానికి.

స్లైడింగు వాళ్ల వాదన కూడా వినాలి. దోమలు. కాలువలు, తోటలు, ఇప్పుడు రొయ్యల చెరువులు. సాయంత్రం ఆరు దాటితే కిటికీ తెరిచే ధైర్యం ఎవరికుంది? స్లైడింగులో మెష్ కోసం మూడో పట్టా ఉంటుంది, సులువుగా జరుగుతుంది. దానికి నా జవాబు, రెక్కలు బయటికి తెరిచి మెష్ లోపలి వైపు బిగించమని. "రెక్క గాలికి కొట్టుకుంటుందండీ" అంటాడు షాపతను. రెక్కను ఎక్కడికక్కడ ఆపే స్టే ఉంటుంది, అది వేయమంటాను. "దాని రేటు వేరేనండీ." వేరేనే. మెట్ల గది అద్దంలో పై సగం తీసేసి వెంటిలేటరు పెడితే ఎంత మిగులుతుందో కాగితం మీద వేసి, అది స్టేలకు ఎంతవరకు సరిపోతుందో చూపిస్తాను. కొందరు ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్లతో వాదించను. పడమటి గోడకున్న అద్దాన్ని మాత్రం ఉత్తరానికి జరపమంటాను.