మోదుగ పూసే వేళ చెరువుగట్టు మీద

పక్షులు చూడ్డానికి చలికాలమే అదను అంటారు. వలస బాతుల వరకైతే నిజమే. అడవీ చెరువూ ఆనుకుని ఉన్నచోట మాత్రం నా ఓటు ఫాల్గుణ చైత్రాలకే. దక్కను అడవి చాలామటుకు ఆకు రాల్చే అడవి. శివరాత్రి దాటేసరికి టేకు కొమ్మలు బోడిగా మిగులుతాయి. వానాకాలంలో గొంతు మాత్రమే వినిపించిన పిట్ట ఇప్పుడు తోకతో సహా కనిపిస్తుంది. చిన్న కుంటలు ఎండిపోతాయి కనక అన్నీ నీళ్లున్న చెరువుకే రావాలి. హైదరాబాద్ నుంచి మెదక్ వెళ్లే దారిలో నర్సాపూర్ అడవి ఇందుకు మంచి చోటు.

పూసిన మోదుగ కనిపిస్తే అక్కడే కూర్చోండి, పిట్టల కోసం తిరగక్కర్లేదు. మధ్యాసియా నుంచి వచ్చిన గులాబీ గోరింకలు ఊరికి బయల్దేరే ముందు ఈ తేనె మీద పడతాయి. పువ్వులో ముక్కు దూర్చి తీసేసరికి నుదుటికి పుప్పొడి అంటుకుంటుంది. అలా ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు చేరుతుంది. రామచిలుకలకు అంత ఓపిక లేదు, పువ్వునే కొరికి కింద పడేస్తాయి. ఎట్రింత తాగినంత తాగి, మిగతావాటిని తరమడంలో పొద్దు పుచ్చుతుంది.

చెరువు దగ్గర మొదట చూసుకోవాల్సింది ఎండ ఎటుందని. పొద్దున్నే తూర్పుగట్టున నిలబడితే సూర్యుడు వీపు వెనక ఉంటాడు. ఎదురెండలో ఎంత ఖరీదైన బైనాక్యులర్ పెట్టినా ప్రతి పిట్టా నల్లగానే కనిపిస్తుంది. 8×42 రకం చాలు. చూపు పిట్ట మీదే ఉంచి బైనాక్యులర్‌ని కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి. తల దించి సర్దుకున్నారా, మళ్లీ ఎత్తేసరికి కొమ్మ ఖాళీ.

కొత్తవాళ్లు రంగు దగ్గర మొదలుపెడతారు. అనుభవమున్నవాళ్లు రంగును చివరికి ఉంచుతారు. ముందు సైజు: పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా? తర్వాత ముక్కు, తోక, నడక. వసంతంలో ఈ పద్ధతి మరీ అవసరం, ఎందుకంటే రంగులు మారుతుంటాయి. గుడ్డికొంగనే తీసుకోండి. మట్టిరంగు చారలతో గట్టున కూర్చుంటే పక్కనుంచి నడిచిపోయినా కనపడదు. లేచిందంటే రెక్కలు తెల్లగా మెరుస్తాయి. ఎండలు ముదిరేకొద్దీ దాని వీపు మీద ముదురు మెరూన్ ఈకలు దిగుతాయి. పుస్తకంలో చలికాలపు బొమ్మ ఒక్కటే చూసినవాళ్లు అది వేరే కొంగ అనుకుంటారు. బురదలో తోకాడిస్తూ తిరిగే మగ సిట్రిన్ వ్యాగ్‌టెయిల్ తల కూడా ఈ నెలల్లోనే నిండు పసుపుకి తిరుగుతుంది.

ఒక్క పని మాత్రం చేయకండి: ఫోన్లో కూత వినిపించి పిట్టను రప్పించడం. చాలా పిట్టలకు ఇది జతకట్టే కాలం. ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని గూడు వదిలి మీ ఫోన్ మీదికి యుద్ధానికొస్తుంది. దాని పొద్దంతా వృథా, మీకు దక్కేది ఒక ఫొటో.

ఇక్కడి పక్షుల సంగతి మనకు తెలిసింది కొందరి శ్రమ వల్ల. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931–32లో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. హైదరాబాద్‌లో 1980లో మొదలైన బర్డ్‌వాచర్స్ సొసైటీ ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ పేరుతో నడుస్తోంది. వీళ్లతోపాటు ఐతన్ననూ చెప్పుకోవాలి. 1900 తర్వాత ఎవరి కంటా పడలేదనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికిందంటే, ఆ స్థానిక వేటగాడు రాత్రిపూట టార్చి వెలుగులో పట్టుకోబట్టే. అందుకే గట్టు మీద వలలు ఆరేసుకునేవాళ్లనీ గొర్లకాపరినీ పలకరించకుండా రాకూడదంటాను.

ఇంటికొచ్చాక రాసే జాబితాకీ విలువుంది. 2023లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక 942 జాతులను పరిశీలించింది. దానికి ఆధారం 30 వేలమందికి పైగా పక్షి ప్రియులు నమోదు చేసిన సుమారు 3 కోట్ల పరిశీలనలు. దసరా నాడు మనం వెతుక్కుని మరీ చూసే పాలపిట్ట బాగా తగ్గుతోందని, జాతులకున్న ముప్పును తెలిపే ప్రపంచ ఎర్ర జాబితాలో దాని స్థితిని మళ్లీ అంచనా వేయాలని చెప్పింది ఆ లెక్కలే. అరుదైన పిట్టలనే రాసి మామూలువాటిని వదిలేస్తే ఈ తగ్గుదల బయటపడదు. కనిపించిన కాకుల్నీ గోరింకల్నీ కూడా లెక్కపెట్టి, ఎంతసేపు చూశారో, ఎంత దూరం నడిచారో పక్కనే రాయాలి.