నెత్తురు కథకు నిబ్బరమైన గొంతు

ఇంగ్లండ్, స్కాట్లాండ్ పల్లెల్లో తరతరాలుగా పాడుకున్న హత్యల బాలడ్లు, అంటే కథాగేయాలు, వింటే ముందుగా మనసును పట్టేసేది పాడేవాళ్ల నిబ్బరం. అక్క చెల్లెల్ని నీళ్లలోకి తోసేస్తుంది. తల్లి పురిటి కవలల్ని పొడిచి పాతిపెడుతుంది. ప్రియురాలు విషం పెడుతుంది. పాడే గొంతు మాత్రం ఎక్కడా ఎగిరిపడదు, వెక్కిపడదు. పక్కన వాయిద్యమూ ఉండదు. ఈ పాటల ప్రాణం ఆ నిబ్బరంలోనే ఉంది, అది పోతే మిగిలేది నేరవార్త. హార్వర్డ్ ప్రొఫెసర్ ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ 1882-1898 మధ్య 305 కథాగేయాలను పాఠాంతరాలతో సహా అచ్చువేశాడు. ఈ పాటలను నేటికీ ఆయన ఇచ్చిన నంబర్లతోనే చెప్పుకుంటారు. అంతకు ముందే వాల్టర్ స్కాట్ కొన్నిటిని సేకరించి ప్రచురిస్తే, కవి జేమ్స్ హాగ్ తల్లి మార్గరెట్ లెయిడ్‌లా ఆయన్ని మొహం మీదే మందలించిందంటారు: ఇవి పాడుకోవడానికి పుట్టినవి, అచ్చువేసి చెడగొట్టావని. ఆ ముసలమ్మ మాటే నిజం.

ఈ పాటలు కాగితం మీద ఎందుకు చాలవో ‘ఎడ్వర్డ్’ పాట చూస్తే తెలుస్తుంది. కత్తికి ఆ నెత్తురేమిటని తల్లి అడుగుతుంది. కొడుకు ఒక జంతువు పేరు చెబుతాడు. దాని నెత్తురు ఇలా ఉండదంటుంది తల్లి. మరో జంతువు పేరు చెబుతాడు. చివరికి అది తోడబుట్టినవాడి నెత్తురని ఒప్పుకుంటాడు. హత్య ఎప్పుడో జరిగిపోయింది, మనం దాన్ని చూడనే చూడం. చరణం చరణానికీ మారేది ఒకటి రెండు మాటలే, వరస అదే, ఊతపదాలు అవే. నిజం బయటపడే చరణాన్ని కూడా గాయకుడు ముందు చరణంలాగే పాడాలి. అక్కడ గొంతు పెంచాడా, తల్లి కంటే ముందే గుట్టు విప్పేసినట్టే. అంతమాత్రాన ఇది చప్పగా అప్పజెప్పడం కాదు. మంచి గాయకులు ఒక అక్షరం మీద లిప్తపాటు నిలుస్తారు, చిన్న గమకం వేస్తారు, మాట బరువును బట్టి లయను సాగదీస్తారు. పెర్సీ గ్రెయింజర్ 1908లో లింకన్‌షైర్‌లో డెబ్భై దాటిన పల్లె గాయకుడు జోసెఫ్ టేలర్ పాటలు ఫోనోగ్రాఫ్ మీద పట్టినప్పుడు, ఆ వయసులోనూ ఆ గొంతు నవనవలాడుతోంది. ఒక్కో చరణంలో లయ ఎలా మారుతోందో రాసి చూపడానికి గ్రెయింజర్‌ అంతటి సంగీతజ్ఞుడు చిక్కుచిక్కు తాళగతులు వాడాల్సి వచ్చింది.

నా ఓటు మాత్రం అబర్డీన్ గాయని జీనీ రాబర్ట్‌సన్‌కే. స్కాట్లాండ్ సంచార కుటుంబాల్లో పుట్టిన ఆమెను 1953లో జానపద గేయ సేకర్త హేమిష్ హెండర్సన్ లోకానికి పరిచయం చేశాడు. ‘ఎడ్వర్డ్’ను ఆమె ‘సన్ డేవిడ్’ పేరుతో పాడింది. ఒక్కో పాదాన్ని అంత నింపాదిగా, అంత నిండుగా పాడుతూ కథను ఎక్కడా జారనివ్వకపోవడం మరెవరి వల్లా కాలేదంటాను. పాటలో ఉండాల్సిన ఆ ఆర్ద్రతను సంచారులు ‘కోన్‌యాఖ్’ అంటారు. దానికి నటన అక్కర్లేదు, నమ్మకం కావాలి.

నిబ్బరంగా పాడితే కుర్రకారు వినరు, గిటారూ డ్రమ్సూ చేర్చబట్టే ఇవి బతికాయి అనేవాళ్లున్నారు. ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ బృందం 1969లో ‘మ్యాటీ గ్రోవ్స్’ను రాక్ పాటగా మలచి వేలమందికి చేర్చిన మాట కాదనను. జానపద గాయకుడు మార్టిన్ కార్తీ గిటారు కథను తొక్కెయ్యదు, వెంట నడుస్తుంది. కానీ రాక్ గాయకుడు నిక్ కేవ్ 1996 ఆల్బమ్ ‘మర్డర్ బాలడ్స్’ తర్వాత పుట్టుకొచ్చిన నకళ్ల సంగతేమిటి? నల్లబట్టలు, పొగమంచు వీడియో, ప్రతి పాదానికీ బుసకొట్టే గొంతు, మధ్యలో ఉరుము శబ్దం! వరస నేర్చుకునే ఓపిక లేక, నాలుగు చరణాలు పీకేసి, చావు మాత్రం ఉంచుకుంటారు. ఇది సంప్రదాయాన్ని బతికించడం కాదు, దాని తోలు ఒలిచి కప్పుకోవడం.

ఇంకా గట్టి అభ్యంతరం ఒకటుంది: ఆడవాళ్లను చంపడాన్ని పాట కట్టి వినోదం చేశారని. ఈ పాటల్లో చచ్చేవాళ్లలో ఆడవాళ్లు చాలామంది ఉన్నారన్నది నిజమే. 1827లో సఫోక్‌లో హత్యకు గురైన మరియా మార్టెన్ మీద వీధి పాటలు అచ్చువేసి అమ్ముకున్నారు కూడా. అయితే ఆరుగురు అమ్మాయిల్ని ముంచినవాణ్ని ఏడో అమ్మాయి ముంచేసే పాటా ఈ సంప్రదాయానిదే. చంపిన తల్లికి ఆ బిడ్డలే ఎదురొచ్చి శిక్ష చెప్పే పాటా దీనిదే. గాయకుడు పక్కకు తప్పుకుంటే విన్నవాడు హంతకుణ్ని తానే తూచుకోవాలి. గాయకుడే హంతకుడి వేషం కట్టి మురిసిపోయినప్పుడే చావు వినోదమవుతుంది. అభ్యంతరం న్యాయమైనదే, తగలాల్సింది నకళ్లకు.

ఎడిన్‌బరా స్కూల్ ఆఫ్ స్కాటిష్ స్టడీస్ 1951 నుంచీ పోగుచేసిన రికార్డింగుల్లో ఎన్నో ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ఈ పాటలు నేర్చుకోవాలనుకునే కుర్రవాళ్లకు నా విన్నపం ఒక్కటే. ముందు వాయిద్యం పక్కన పెట్టండి, జీనీ రాబర్ట్‌సన్‌ను వినండి, పాట మొత్తం కంఠతా పట్టండి. ఒక్క చరణం కూడా వదలకండి.