ఒక గొంతు, మూడు దూరాలు

హాస్యనటుడు సుత్తి వీరభద్రరావు ఇంటిపేరు సుత్తి కాదు, మామిడిపల్లి. 1947 జూన్ 6న కోనసీమలో, ముమ్మిడివరం దగ్గరి అయినాపురంలో పుట్టారు. బతికింది 41 ఏళ్లు. అందులో సినిమాకు దక్కినవి ఆరేడేళ్లే. అంతకుముందు కాలం విజయవాడ నాటకరంగానిది, రేడియోది. తెర మీద మెరిసిన పనితనం పదునెక్కింది ఆ రెండు చోట్లే.

నాటకంలో నటుడి మొదటి బాధ్యత చివరి వరుసలో కూర్చున్న మనిషికి. పైనుంచి వేలాడే రెండు మూడు మైకులకు కాస్త ఎడంగా జరిగితే చాలు, మాట గాలిలో కలిసిపోతుంది. అందుకే రంగస్థల నటుడు ఊపిరి నిలబెట్టడం, వాక్యం చివరి అక్షరాన్ని మింగేయకుండా పలకడం ముందుగా నేర్చుకుంటాడు. తెలుగులో క్రియ సాధారణంగా చివరే వస్తుంది. ఆ చివర నలిగిపోతే పాత్ర ఆ పని చేసిందో, చేయలేదో కూడా ప్రేక్షకుడికి తెలియదు.

రేడియోకు వచ్చేసరికి ఈ విద్య తలకిందులవుతుంది. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం నాటకానికి పెట్టింది పేరు. బందా కనకలింగేశ్వరరావు, నండూరి సుబ్బారావు వంటి ఉద్దండులు పనిచేసిన ఆ కేంద్రంలోనే వీరభద్రరావూ పనిచేశారు. అక్కడ మైకు మూతికి దగ్గరగా ఉంటుంది. స్టేజీ మీద అరిచినట్టు అరిస్తే శబ్దం చీలిపోతుంది. కోపం పలికించాలంటే నటుడు ఒక అడుగు వెనక్కి వేయాలి, లేదా మొహం కాస్త పక్కకు తిప్పాలి. చేతిలో కాగితాలు రెపరెపలాడకూడదు. పిన్ను తీసేసి, చదివిన కాగితాన్ని మెల్లగా పక్కకు జార్చాలి. మేకప్పు, చేతుల కదలిక, కనుబొమలు, ఏవీ ఆదుకోవు. పాత్ర వయసు, చదువు, దర్జా, అన్నీ గొంతులోనే తెలియాలి.

ఈ రెండు విద్యలూ వచ్చిన నటుడి విలువ, విజయవాడ నాటకాల నుంచే సినిమాకు వెళ్లిన దర్శకుడు జంధ్యాలకు తెలుసు. 1982లో ఆయన తీసిన ‘నాలుగు స్తంభాలాట’లో వీరభద్రరావు, మరో హాస్యనటుడు వేలు జంటగా కనిపించారు. ఎదుటివాడి ఓపిక చచ్చేదాకా మాట్లాడటానికి ‘సుత్తి’ అన్న పేరు ఆ సినిమాతో ఊరూరా పాకింది. ఇద్దరి పేర్లకూ ముందు చేరి, జనం నాలుక మీద మామూలు మాటగా స్థిరపడింది. నటుడి నోట పలికిన మాటను జనం తమ మాటగా చేసుకోవడం కంటే ఆ నటుడికి పెద్ద సత్కారం లేదు.

1984లో వచ్చిన ‘శ్రీవారికి ప్రేమలేఖ’లో ఆయన వేసిన తండ్రి పాత్ర పరంధామయ్యను దగ్గరగా చూస్తే పనితనం తెలుస్తుంది. కొడుకు మీద విసిరే చిత్రమైన తిట్లు ఆగకుండా సాగుతాయి. అంత వేగంలోనూ ఒక్క అక్షరం జారదు. అది స్టేజీ ఇచ్చిన ఊపిరి. ఒక్కో తిట్టుకూ ఒక్కో స్వరం. అది రేడియో ఇచ్చిన నేర్పు. అన్నిటికంటే ముఖ్యం, తన మాట హాస్యమని ఆ పాత్రకు తెలియదు. పరంధామయ్యకు నిజంగానే కోపం వచ్చింది. హాలులో నవ్వు పుట్టింది ఆ నిజాయితీ వల్లే.

షూటింగు అయ్యాక డబ్బింగు థియేటరులో నటుడు మళ్లీ ఒంటరిగా మైకు ముందు నిలబడతాడు. తెర మీద కదిలే తన పెదవులకు తనే మాట అతకాలి. రేడియోలో పండిన గొంతుకు అది సొంత ఇల్లు.

1988 జూన్ 30న వీరభద్రరావు కన్నుమూశారు. ఆ ఏడాదే వచ్చిన ‘చూపులు కలసిన శుభవేళ’లో ఆయన బొమ్మ ఉంది, గొంతు లేదు. ఆ పాత్రకు జంధ్యాలే డబ్బింగు చెప్పారు.