టెస్టు లెక్కలకు అందని ఆటగాడు: సి.కె. నాయుడు

కొఠారి కనకయ్య నాయుడు 1895 అక్టోబర్ 31న నాగపూర్‌లో, అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబంలో పుట్టారు. అప్పటి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో క్రికెట్ అంటే బడి జట్లు, క్లబ్బులు, దండుల్లోని తెల్లదొరల ఆటలే. దేశవాళీ పోటీ అయిన రంజీ ట్రోఫీ మొదలవడానికి ఇంకా నలభై ఏళ్లు ఉంది. పెద్ద వేదిక కావాలంటే బొంబాయి క్వాడ్రాంగులర్ ఒక్కటే గతి. హిందువులు, పార్సీలు, ముస్లింలు, యూరోపియన్లు మతాలవారీగా జట్లు కట్టి ఆడిన పోటీ అది. 1916లో నాయుడు హిందువుల తరఫున అక్కడే తొలి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ ఆడారు.

ఆయన ఆట తీరు అర్థం కావాలంటే ముందు నాటి పిచ్‌ను చూడాలి. మన దేశంలో చాలా మైదానాల్లో గట్టి నేల మీద కొబ్బరిపీచు చాప పరిచి ఆడేవారు. దానికి మ్యాటింగ్ వికెట్ అని పేరు. పచ్చిక మీదకంటే దీని మీద బంతి ఎత్తుగా లేస్తుంది. కానీ ఆ లేవడంలో ఒక నిలకడ ఉంటుంది. ఎంత ఎత్తుకు వస్తుందో అంచనా కట్టగల బ్యాటర్ లేస్తున్న బంతిని ధైర్యంగా బాదవచ్చు. ఆరడుగులు దాటిన నాయుడికి చేతుల పొడవు కలిసొచ్చింది. ముందుకు అడుగేసి, బ్యాటును నిటారుగా పూర్తిగా ఊపి, బంతిని బౌలర్ తల మీదుగా పంపడం ఆయన అలవాటు. అడ్డబ్యాటుతో ఊపే గుడ్డిబాదుడు కాదది. నేల మీద కొట్టే డ్రైవ్‌నే గాలిలోకి లేపడం. సిక్సర్ కొట్టడాన్ని తెగింపుగా కాకుండా ఒక పద్ధతిగా చేసిన తొలి భారతీయుల్లో ఆయనకు చోటు దక్కాల్సిందే.

ఆ పద్ధతి అందరికీ కనబడిన రోజు 1926 డిసెంబర్ 1. ఆర్థర్ గిల్లిగాన్ నాయకత్వంలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు బొంబాయి జింఖానా మైదానంలో హిందువులతో ఆడుతోంది. నాయుడు రెండు గంటల లోపే 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు, 13 ఫోర్లు. అంటే 118 పరుగులు బౌండరీల మీదే వచ్చాయి. ఒక ఇన్నింగ్స్‌లో అన్ని సిక్సర్లు కొట్టడం అప్పటికి రికార్డు. భారత క్రికెట్‌కు సొంత బోర్డు ఉండాలని గిల్లిగాన్ ప్రోత్సహించారు. 1928లో బోర్డు ఏర్పడింది. నాలుగేళ్లకు టెస్టు హోదా దక్కింది.

1932 ఇంగ్లండ్ పర్యటనకు నాయకుడు పోరుబందరు మహారాజా, ఉపనాయకుడు లింబ్డీ యువరాజు. జూన్ 25న లార్డ్స్‌లో తొలి టెస్టు మొదలయ్యేసరికి ఇద్దరూ తప్పుకున్నారు. అలా నాయుడు భారత తొలి టెస్టు కెప్టెన్ అయ్యారు. సంస్థానాధీశుల పెత్తనం నడుస్తున్న రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలినా ఆ టెస్టు తొలి ఇన్నింగ్స్‌లో జట్టు మొత్తంలో ఎక్కువ పరుగులు, 40, ఆయనవే. భారత్ 158 పరుగుల తేడాతో ఓడింది. పర్యటన మొత్తంలో నాయుడు ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లలో 1,618 పరుగులు చేసి 65 వికెట్లు తీశారు. క్రికెట్ వార్షిక గ్రంథం విజ్డెన్ 1933 సంచిక ఆ ఏటి అయిదుగురు ఉత్తమ క్రికెటర్లలో ఒకరిగా ఆయనను ఎంచింది. 1936 పర్యటనలో నాయకత్వం విజయనగరం మహారాజకుమారుడికి వెళ్లింది.

ఆడిన టెస్టులు ఏడే, పరుగులు 350, సగటు 25. తొలి టెస్టు నాటికే ఆయనకు 36 ఏళ్లు నిండాయి. ఆ సగటు పట్టుకుని ఆయనను తూచేవారు ఈ సంగతి మరచిపోతారు. ఫస్ట్‌క్లాస్ లెక్కలు వేరే కథ చెబుతాయి: 11,825 పరుగులు, 26 సెంచరీలు, 411 వికెట్లు.

ఇండోర్ మహారాజా హోల్కర్ పిలుపుతో అక్కడ చేరిన తరువాత ఆయన జీవితంలో మరో ఘట్టం మొదలైంది. హోల్కర్ సైన్యంలో కల్నల్ హోదా ఇచ్చారు. ఆయన చేతిలో హోల్కర్ జట్టు 1945-46తో మొదలుపెట్టి నాలుగు సార్లు రంజీ ట్రోఫీ గెలిచింది. ఆ మొదటి ఫైనల్‌లో బరోడా మీద, యాభై ఏళ్ల వయసులో, నాయుడు 200 పరుగులు చేశారు. క్రమశిక్షణలో ఆయన మహా కఠినుడు. దెబ్బ తగిలితే నొప్పి బయటపడనివ్వకూడదన్నది ఆయన నియమం. 1950ల మొదట్లో బొంబాయితో జరిగిన మ్యాచ్‌లో దత్తు ఫడ్కర్ బంతి మూతికి తగిలి పళ్లు ఊడినా మైదానం వదలకుండా ఆడారని క్రికెట్ లోకంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

1953-54లో ఆంధ్ర జట్టు రంజీలో అడుగుపెట్టినప్పుడు నాయకుడు ఆయనే. 1956-57లో, 61 ఏళ్ల వయసులో, ఉత్తరప్రదేశ్ తరఫున ఆడారు. 1956లో ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. 1967 నవంబర్ 14న ఇండోర్‌లో కన్నుమూశారు. దేశవాళీ క్రికెట్‌లో యువ ఆటగాళ్ల పోటీ నేటికీ కల్నల్ సి.కె. నాయుడు ట్రోఫీ పేరుతోనే జరుగుతోంది.