తెగని గీత

డెబ్బై దాటిన మనిషికి మిట్రల్ వాల్వు బాగుచేయడానికి గుండె తెరిచారంటే, సర్జన్ కొన్నిసార్లు అక్కడ ఇంకో పని కూడా ముగించుకుని వస్తాడు. అందులో కొత్త వాల్వు పెట్టేదేమీ లేదు, కొత్త రక్తనాళం కుట్టేదీ లేదు. గుండె పైగదులైన కర్ణికల గోడల మీద కొన్ని గీతలు వేస్తాడు, అంతే. ఎక్స్‌రేలో అవి కనిపించవు. చూడ్డానికి వచ్చిన చుట్టాలతో రోగి ‘వాల్వు మార్చారు’ అంటాడే గాని గీతల మాట ఎత్తడు. లయ తప్పిన గుండెను దారికి తెచ్చే ఆ పని పేరు మేజ్ ఆపరేషన్. గుండె సర్జరీలో పనితనం ఎలా ఉంటుందో చెప్పమంటే నేను ముందుగా దీన్నే చూపిస్తాను.

ముందు జబ్బు సంగతి. కుడి కర్ణిక పైభాగంలో ఉండే సైనస్ నోడ్‌లో పుట్టిన విద్యుత్ సంకేతం రెండు కర్ణికల్లోనూ పాకి, ఏవీ నోడ్ గుండా కిందికి దిగి జఠరికలను కదిలిస్తుంది. వయసు మీద పడేకొద్దీ, వాల్వు చెడి ఒత్తిడి పెరిగేకొద్దీ కర్ణికలు సాగిపోతాయి. కండరం నడుమ నారకణజాలం చేరుతుంది. అప్పుడు సంకేతం తిన్నగా పోక సుళ్లు తిరుగుతుంది. కర్ణిక ముడుచుకోవడం మాని వణుకుతుంది. ఇదే ఏట్రియల్ ఫిబ్రిలేషన్. ఆస్పత్రిలో అందరూ ఏఎఫ్ అంటారు. నాడి పట్టుకుంటే ఒక దెబ్బకూ మరో దెబ్బకూ పొంతన ఉండదు. దడ, ఆయాసం ఒక ఎత్తయితే, రక్తం గడ్డకట్టడం ఇంకో ఎత్తు. వాల్వు జబ్బు లేని ఏఎఫ్ రోగుల ఎడమ కర్ణికలో కనిపించే గడ్డల్లో దాదాపు 90 శాతం, ఆ కర్ణికకు పక్కగా వేలాడే అపెండేజ్ అనే చిన్న సంచిలోనే పుడతాయి. అక్కడ ఊడిన గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం.

దీన్ని కత్తితో నయం చేయాలని 1980 ప్రాంతంలోనే ప్రయత్నాలు మొదలయ్యాయి. ఎడమ కర్ణికను మిగతా గుండె నుంచి విద్యుత్‌పరంగా వేరు చేసి చూశారు. నాడి కుదుటపడింది గాని వేరుపడిన కర్ణిక లోపల వణుకు అలాగే ఉంది, గడ్డల భయమూ పోలేదు. సైనస్ నోడ్ నుంచి ఏవీ నోడ్ దాకా సన్నని నడవా మాత్రం మిగిల్చే ఆపరేషన్‌తోనూ ఇదే చిక్కు. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో, వాషింగ్టన్ యూనివర్సిటీ సర్జన్ జేమ్స్ కాక్స్ సమస్యను ఇంకో వైపు నుంచి పట్టుకున్నారు. సుడి తిరగాలంటే కొంత చోటు కావాలి. ఎక్కడా అంత చోటు దొరకనివ్వకుండా గీతలు వేయాలి; అయినా సైనస్ నోడ్ నుంచి బయల్దేరిన సంకేతం కర్ణికల్లో మూలమూలకూ చేరగలగాలి. కోసి మళ్లీ కుడితే ఆ చోట మచ్చ కడుతుంది. మచ్చ గుండా విద్యుత్ పోదు. 1987 సెప్టెంబరు 25న బార్న్స్ హాస్పిటల్‌లో తొలి రోగికి ఈ ఆపరేషన్ చేశారు. గాయాన్నే మందు చేసుకున్న ఆలోచన ఇది.

తొలి రూపంలో లోపాలు బయటపడ్డాయి. సైనస్ నోడ్ ముందుగా పోయిన కోత వల్ల, రోగి నడిచినా మెట్లెక్కినా గుండె వేగం పెరగాల్సినంత పెరిగేది కాదు. కుడి కర్ణిక నుంచి ఎడమ కర్ణికకు సంకేతం ఆలస్యంగా అందేది. కాక్స్ గీతల్ని జరిపారు, మళ్లీ జరిపారు. 1992 నాటికి మూడో రూపం స్థిరపడింది. ఫలితాలు గొప్పగా ఉన్నా దాన్ని చేయగల చేతులు కొద్దే. అంత పొడవు కోసి కుట్టడానికి గుండెను ఎక్కువసేపు ఆపి ఉంచాలి, ప్రతి కుట్టు దగ్గరా రక్తం కారే ప్రమాదం. పెద్ద వయసువాళ్ల కర్ణిక గోడ పలచన, కుట్టు లాగితే చీరుతుంది. అసలు ఈ జబ్బు ఎక్కువగా వచ్చేదే వాళ్లకు.

ఆ చిక్కు తీర్చింది 2002లో అదే యూనివర్సిటీలో రాల్ఫ్ డమియానో మొదలుపెట్టిన నాలుగో రూపం. చాలా కోతల బదులు వేడి, చలి వాడతారు. గుండెను ఆపి ఉంచే సమయం సుమారు సగానికి తగ్గింది.

దగ్గరికెళ్లి చూస్తే చేతిపని తెలుస్తుంది. సర్జన్ ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికలోకి వచ్చే పుపుస సిరల వెనక మెత్తగా వేలు పోనిచ్చి తోవ చేస్తాడు. ఆ తోవలోంచి టేపు లాగి, దాని వెంట రేడియోఫ్రీక్వెన్సీ క్లాంప్ దవడను నడిపిస్తాడు. రెండు దవడల మధ్య సిరల మొదట్లోని కర్ణిక గోడ నొక్కుకుపోతుంది. కరెంటు ఒక దవడ నుంచి రెండో దవడకే పోతుంది కాబట్టి వెనకనే ఉన్న అన్నవాహికకు సెగ తగలదు. ఒకే దవడతో కాల్చిన పాత పరికరాలతో అన్నవాహిక దెబ్బతిన్న రోగులున్నారు. కణజాలం గుండా కరెంటు పోయే తీరును యంత్రం కొలుస్తూ ఉంటుంది. గోడ ఈ పక్క నుంచి ఆ పక్క దాకా ఉడికాక ఆ కొలత పడిపోయి నిలకడకొస్తుంది. కొన్ని సెకన్ల పని. సర్జన్ దానితో తృప్తిపడడు. క్లాంప్ కొద్దిగా జరిపి రెండోసారి, మూడోసారి నొక్కుతాడు. తర్వాత సిర వైపు నుంచి పేసింగ్, అంటే బయటి విద్యుత్ సంకేతం, ఇచ్చి చూస్తాడు. ఆ సంకేతం కర్ణికలోకి రాకపోతేనే గీత పడినట్టు.

ఇంత పట్టుదల ఎందుకంటే, చెరువుగట్టు ఎంత పొడవున్నా ఒక్క గండి చాలు. గీతలో మిల్లీమీటరు ఖాళీ ఉన్నా సంకేతం దూరిపోతుంది. సగం పడిన గీత అసలు లేనిదానికంటే చెడ్డదీ కావచ్చు. దాని చివరల చుట్టూ కొత్త సుడి మొదలవుతుంది.

అన్నిటికంటే కష్టమైన గీత ఎడమ కర్ణిక నుంచి మిట్రల్ వాల్వు అంచుకు దిగేది. అక్కడ కొవ్వు మందంగా ఉంటుంది, ఆనుకునే కరొనరీ సైనస్, సర్కమ్‌ఫ్లెక్స్ ధమని ఉంటాయి. క్లాంప్ ఆ చివరకంటా పనికిరాదు. అక్కడ క్రయోప్రోబ్ పెడతారు. నైట్రస్ ఆక్సైడ్‌తో మైనస్ 60 డిగ్రీల దాకా చల్లబడే ఆ కొన కింద కండరం తెల్లగా గడ్డకట్టి చచ్చిపోతుంది, కొలాజెన్ చట్రం మాత్రం నిలుస్తుంది. అందుకే వాల్వు అంచు పాడవదు. లోపలి నుంచి ఒకసారి, బయటి నుంచి కరొనరీ సైనస్ మీద మరోసారి చల్లబరిస్తేనే ఆ గీత పూర్తయినట్టు. ధమని ఎక్కడ పోతోందో ముందే యాంజియోగ్రామ్‌లో చూసుకుని చోటు ఎంచుకుంటారు.

ఇక అపెండేజ్. దాన్ని ముట్టుకునే ముందే అన్నవాహికలోంచి ఎకో చేసి లోపల గడ్డ ఉందో లేదో చూస్తారు. ఉంటే, బృహద్ధమనికి క్లాంప్ పడేదాకా గుండెను కదపరు. ఆ తర్వాత కర్ణిక తెరిచి గడ్డ తీసేసి సంచిని కోసేస్తారు, లేదా మొదలంటా క్లిప్ వేస్తారు. సెంటీమీటరుకు మించి మొండి మిగిలితే పని చెడినట్టే, అందులో మళ్లీ గడ్డ కడుతుంది. ఈ చిన్న పని విలువను 2021లో వెలువడిన లావోస్-3 ట్రయల్ తేల్చింది. 27 దేశాల్లో 4,700 మందికి పైగా రోగులు, సగటు వయసు 71. సగటున 3.8 ఏళ్లలో, అపెండేజ్ మూసినవాళ్లలో పక్షవాతం లేదా శరీరంలో మరోచోట గడ్డ అడ్డుపడటం 4.8 శాతం మందికి, మూయనివాళ్లలో 7 శాతం మందికి వచ్చింది. ఎక్కువమంది రక్తం పలచనచేసే మందులు వాడుతుండగానే ఈ తేడా. కాబట్టి అపెండేజ్ మూశారు కదా అని మందు మానడానికి లేదు.

ఈ పనిలో నన్ను ఎక్కువ ఆకట్టుకునేది, ఎక్కడ ఆగాలో తెలిసి ఉండటం. మిట్రల్ రోగికి ఎడమ కర్ణిక ఎటూ తెరుస్తారు గనక గీతలన్నీ వేయొచ్చు. ఎనభయ్యేళ్ల బైపాస్ రోగికి కర్ణిక తెరవక్కర్లేదు. పుపుస సిరల చుట్టూ గీత వేసి, అపెండేజ్ మూసి చాలించడం వివేకం కావచ్చు. 2015లో వచ్చిన అమెరికా ట్రయల్‌లో మిట్రల్ సర్జరీతోపాటు గీతలు వేయించుకున్నవాళ్లలో 63.2 శాతం మందికి 6 నెలలకూ ఏడాదికీ ఏఎఫ్ కనిపించలేదు. వేయించుకోనివాళ్లలో అది 29.4 శాతమే. అయితే పేస్‌మేకర్ అవసరం రెండు రెట్లు దాటింది. వణుకు కింద దాగిన ముసలి సైనస్ నోడ్ బలహీనత బయటపడటం అందుకు ఒక కారణం. ఈ లెక్క ముందే రోగికి చెప్పాలి.

మన దేశంలో మిట్రల్ ఆపరేషన్లు చాలావరకు రుమాటిక్ జ్వరం మిగిల్చిన జబ్బుకు. ఏళ్ల తరబడి ఉబ్బిన పెద్ద కర్ణికలో ఎన్ని గీతలు వేసినా లయ నిలవడం కష్టం. అక్కడ సర్జన్ కర్ణిక పరిమాణం, ఏఎఫ్ ఎన్నేళ్లుగా ఉందో చూసి నిర్ణయిస్తాడు.

ముందు ఏఎఫ్ లేకున్నా ఆపరేషన్ తర్వాత రెండో, మూడో రోజున రావడం పెద్దవాళ్లలో మామూలే. దానికీ ఒక చేతి చలవ ఉంది. గుండె వెనక పెరికార్డియంలో కొన్ని సెంటీమీటర్ల కోత పెడితే, చేరిన రక్తం, నీరు ఎడమ ఊపిరితిత్తి పక్కకు జారిపోయి కర్ణిక రేగదు. 420 మందితో న్యూయార్క్‌లో చేసిన పరిశీలనలో ఈ కోత పెట్టినవాళ్లలో 17 శాతం మందికి, పెట్టనివాళ్లలో 32 శాతం మందికి ఏఎఫ్ వచ్చింది.

మేజ్ అయ్యాక తొలి మూడు నెలలు లయ తప్పినా ఆపరేషన్ విఫలమైందనరు, మచ్చ పండాలి. తర్వాత గుండె లయను ఎడతెగకుండా నమోదు చేసే హోల్టర్ పరికరం పెట్టి తేలుస్తారు. అందుకే ఇంట్లో పెద్దవాళ్లకు గుండె ఆపరేషన్ అనుకున్నప్పుడు, ఏఎఫ్ ఉంటే సర్జన్‌ను రెండు ప్రశ్నలు అడగండి: గీతలు వేస్తారా, అపెండేజ్ మూస్తారా? కాదంటే ఎందుకో చెప్పమనండి. ‘ఈయనకు ఇంతే చాలు’ అని కారణంతో చెప్పే సర్జన్‌కు కూడా ఆ విద్య వచ్చినట్టే.