కర్రపెత్తనం కాని విద్య

యూట్యూబ్‌లో ఓస్లో ఫిల్‌హార్మోనిక్ కచేరీలు వెతికితే సన్నటి కర్ర పట్టుకున్న ఓ ఫిన్లండ్ యువకుడు కనిపిస్తాడు. పేరు క్లౌస్ మాకెలా. 1996లో హెల్సింకీలో పుట్టాడు. 2020లో ఓస్లో, 2021లో పారిస్ ఆర్కెస్ట్రాల పగ్గాలు అందుకున్నాడు. 2027 నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌లోని కన్సర్ట్‌హెబావ్ ఆర్కెస్ట్రాకూ, షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాకూ అతనే సారథి. సింఫనీ జోలికి ఎన్నడూ పోనివాళ్లూ అతని వీడియోలు చూస్తున్నారు. వయసూ, రూపమూ కొంత కలిసొచ్చి ఉండొచ్చు. పునాది పడింది మాత్రం యోర్మా పానులా అనే గురువు దగ్గర.

1930లో పుట్టిన పానులా 1973 నుంచి 1993 దాకా హెల్సింకీలోని సిబేలియస్ అకాడమీలో కండక్టింగ్, అంటే ఆర్కెస్ట్రాను నడిపించే విద్య, నేర్పారు. ఎసా-పెక్కా సాలొనెన్, ఓస్మో వాన్‌స్కా, సకారి ఒరామో, సుసన్నా మాల్కి వంటి పేరున్న కండక్టర్లు ఆయన శిష్యులే. రిటైరయ్యాక కూడా పాఠం మానలేదు. మాకెలా పన్నెండో ఏట ఆయన దగ్గర చేరాడు.

చాలాచోట్ల కండక్టింగ్ విద్యార్థి ఆర్కెస్ట్రాకు బదులు పియానోల ఎదుట చేతులూపుతూ నేర్చుకుంటాడు. పానులా మాత్రం మొదటి నుంచీ ఆర్కెస్ట్రా ముందే నిలబెడతారు. విద్యార్థికి ఏదో ఒక వాద్యం బాగా వచ్చి ఉండాలి. మాకెలాది చెల్లో. ఆర్కెస్ట్రా ముందు చేసిందంతా వీడియో తీస్తారు, తర్వాత గురుశిష్యులు కలిసి చూస్తారు. సాయపడు, అడ్డు రాకు అన్నది ఆయన బోధన సారం.

అడ్డు రావడమంటే ఏమిటి? కర్ర కిందికి దిగే ముందు ఒకసారి పైకి లేస్తుంది. వేగం ఎంత, తొలి స్వరం మెత్తగా రావాలా గట్టిగా రావాలా అన్నది ఆ లేవడంలోనే తెలియాలి. ఊదే వాద్యకారులు ఊపిరి పీల్చేది అప్పుడే. మన కచేరీలో తాళం వేసే చేయి పాటతో పాటు నడుస్తుంది. కండక్టర్ చేయి పాటకన్నా ముందు నడవాలి. సైగ తడబడితే ఆర్కెస్ట్రాలోని ఎనభై మందీ తడబడతారు, అదే అడ్డు రావడం. కుడిచేయి తాళం లెక్క చూసుకుంటుంటే ఎడమచేయి భావం, హెచ్చుతగ్గులు చూసుకోవాలి. రెండు చేతులూ ఒకే కదలిక చేస్తే అందులో ఒకటి దండగ.

హాల్లో కూర్చున్న శ్రోతకు కండక్టర్ వీపే దక్కుతుంది. వీడియో అయితే వాద్యకారుల వైపు నుంచి అతని చేతుల్నీ ముఖాన్నీ చూపిస్తుంది. తప్పులు పట్టుకోవడానికి పానులా తరగతిలో వాడిన కోణమే ఇప్పుడు అందరికీ అందుబాటులోకొచ్చింది. మాకెలా ఇంతగా ఆకట్టుకోవడానికి అదీ ఒక కారణమే.

అందరూ మెచ్చుకుంటున్నారని కాదు. 2022లో డెక్కా రికార్డింగ్ సంస్థ విడుదల చేసిన, అతని సారథ్యంలోని స్వరకర్త సిబేలియస్ సింఫనీల మీద విమర్శకులు తలో మాట అన్నారు. ఇంత చిన్న వయసులో ఇన్ని ఆర్కెస్ట్రాలా అన్న సందేహమూ ఉంది. సబబైన సందేహమే. చేతికి స్పష్టత బడిలో అబ్బుతుంది, సింఫనీ లోతు అందడానికి ఏళ్లు పడతాయి.

ఈసారి అతని వీడియో చూసేటప్పుడు తొలి స్వరానికి ముందు కుడిచేయి ఎలా లేచిందో గమనించండి. తర్వాత కాసేపు కళ్లు మూసుకుని వినండి. చేతిలో చూసింది చెవికి అందితే ఆ పేరు ఊరికే రాలేదని ఒప్పుకోవచ్చు.