మూసలో పోసిన కావలి

లాత్వియాలో అలెక్సీ వ్లాదిషెవ్ రూపొందించగా 2001లో వెలువడిన జాబిక్స్, సర్వర్లను కావలి కాయు సాధనము. ఏ కొలతలు తీయవలెనో, ఏ హద్దు దాటినచో హెచ్చరింపవలెనో ఒక మూసలో వ్రాసియుంచి, దానిని వందలాది సర్వర్లకు తగిలింపవచ్చును. ఏపీఐ అను ద్వారముగుండా చిన్న స్క్రిప్టే ఆ పనిని ముగించును. మనిషి ఒక సర్వరును మరచునేమో గాని, జాబితాలోనిదానిని స్క్రిప్టు మరువదు. ఇది మెచ్చదగినదే.

కాని స్క్రిప్టు తప్పును కూడ అంతే శ్రద్ధతో నూరుచోట్ల వ్రాయును. డిస్కు 80 శాతము నిండినచో హెచ్చరించు మూసను చూడుడు. 100 గిగాబైట్ల డిస్కులో అప్పటికి మిగులునది 20. 10,000 గిగాబైట్ల డిస్కులో 2,000. రెండవచోట సాధారణముగా తొందర యుండదు. వృథా హెచ్చరికలు నిత్యము మ్రోగినచో, నిజమైన ఆపదవేళ ఎవరును చెవియొగ్గరు. సర్వరు సర్వరుకు హద్దును మార్చుకొను వీలు జాబిక్స్‌లో ఉన్నది. దానిని వాడని స్క్రిప్టు శ్రమను తగ్గించునే గాని, కావలి కాయదు.